సీతను 8@$ అని రాసిన రోజులు

హ్యాకేజ్‌లో దేన్నీ తీసేయరు. హ్యాస్కెల్ భాషలో రాసి పదిమందికీ వదిలిన లైబ్రరీలన్నీ ఒకచోట ఉండాలని 2007 జనవరిలో తెరిచిన ఆ సర్వర్‌లో, ఎవరు ఏ ప్యాకేజీ ఎక్కించినా దాని ఒక్కో వెర్షనూ ఎక్కించిన తేదీతో, ఎక్కించినవాళ్ల పేరుతో అలాగే ఉండిపోతుంది. పాతబడినదానికి ‘డెప్రికేటెడ్’ అని ముద్ర వేసి, బదులుగా ఫలానాది వాడుకోండని పక్కన రాస్తారు, అంతే తప్ప ఎత్తి అవతల పారేయరు. అలాంటి చోట పోయినవాటి గురించి తలచుకోవడమేమిటని నాకే అనిపిస్తుంది. కానీ అప్పుడప్పుడు ఏదో పాత వెర్షన్ కోసం ఆ పేజీలు తిరగేస్తుంటే తెలిసొస్తుంది: టార్ ఫైళ్లు ఉన్నాయి, వాటిని కంపైల్ చేసిన కంపైలర్లు మన మెషీన్ల మీద లేవు, హోమ్‌పేజీ అని రాసిన వరుస ఉంది, నొక్కితే తెరుచుకునే పేజీ లేదు, మెయింటెయినర్ పేరుంది, ఆ మనిషి ఈ భాష వైపు తొంగిచూసి ఏళ్లయింది. వాటి చుట్టూ అల్లుకున్న పనులు, అలవాట్లు, చిరాకులు మాత్రం ఏ సర్వర్‌లోనూ లేవు. మాలాంటి కొద్దిమంది బుర్రల్లో ఉన్నాయి, అక్కడైనా ఎన్నాళ్లుంటాయో.

నాకు హ్యాస్కెల్ పరిచయమైంది హగ్స్ అనే ఇంటర్‌ప్రెటర్‌తో. 1987లో, అప్పటికే డజనుకు పైగా ఉన్న ఈ జాతి ఫంక్షనల్ భాషల బదులు అందరికీ ఒకటే ఉంటే మేలని పరిశోధకులు కమిటీ వేసుకోవడం, 1990లో మొదటి రిపోర్టు రావడం, తర్కశాస్త్రవేత్త హ్యాస్కెల్ కర్రీ పేరు దానికి పెట్టడం, ఇవన్నీ ఆ తర్వాతెప్పుడో చదువుకున్నవి. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పుట్టిన జీహెచ్‌సీ అసలైన కంపైలర్ అని తెలిసినా, మా ఇంట్లో ఉన్న మెషీన్ దాన్ని మోయలేక మూలిగేది. మార్క్ జోన్స్ రాసిన గోఫర్ నుంచి పుట్టిన హగ్స్ మాత్రం ఎంటర్ కొట్టేలోపే లేచి కూర్చునేది. నిలువు గీతలూ అడ్డగీతలూ పేర్చి గీసిన పెద్ద అక్షరాల్లో తన పేరు చూపించేది. ఒక సెట్టింగ్ పెట్టుకుంటే, ఏ లెక్క అడిగినా జవాబు కింద బ్రాకెట్లలో ఎన్ని రిడక్షన్లు పట్టాయో, ఎన్ని సెల్స్ ఖర్చయ్యాయో చెప్పేది. ఒకే జాబితాను రెండు రకాలుగా తిరగేసే ఫంక్షన్లు రాసి, ఏది ఎన్ని అడుగుల్లో చేరిందో ఆ బ్రాకెట్లో చూసుకుని, ఎందుకలా అని కాగితం మీద గీసుకుంటూ కూర్చున్న సాయంత్రాలు గుర్తున్నాయి. స్టీలు గ్లాసులో టీ చల్లారి మీగడ కట్టేది, పదిహేనంగుళాల మానిటర్ వెనక నుంచి వేడెక్కిన దుమ్ము వాసన వచ్చేది. హగ్స్ చివరి విడుదల 2006 సెప్టెంబరులో. ఎవరూ దాన్ని చంపలేదు, జీహెచ్‌సీ ముందుకు వెళ్తుంటే అది వెనకబడిపోయింది, మెషీన్లు పెద్దవయ్యాయి, చిన్నదాని అవసరం తీరిపోయింది. దాని కన్నా జీహెచ్‌సీ అన్ని విధాలా మెరుగు, ఆ మాటకు తిరుగులేదు. కాకపోతే తన అడుగులు తానే లెక్కపెట్టి చెప్పే ఆ బ్రాకెట్ జీహెచ్‌సీకి రాలేదు. సమయం చెబుతుంది, మెమరీ ఎన్ని బైట్లో చెబుతుంది, రిడక్షన్లు చెప్పదు.

అప్పటి ప్రోగ్రాముల్లో పై వరుసలు చూస్తే ఇప్పటివాళ్లకు ఏదో తెగిపోయినట్టు కనిపిస్తుంది. ఇంపోర్ట్ లిస్ట్, ఇంపోర్ట్ చార్, ఇంపోర్ట్ ఐఓ, ఇంపోర్ట్ మోనాడ్. ముందూ వెనకా ఏమీ లేని ఒంటి పేర్లు. ఆ తర్వాత వాటి మధ్యకు చుక్కలొచ్చాయి, లిస్ట్ కాస్తా డేటా కిందికీ, మోనాడ్ కంట్రోల్ కిందికీ, ఐఓ సిస్టమ్ కిందికీ చేరాయి. లైబ్రరీలు వేలల్లోకి వెళ్లాక పేర్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఉండాలంటే ఆ ఏర్పాటు తప్పనిసరి. అయినా పొట్టి పేర్లతో మొదలయ్యే ప్రోగ్రాము ఎక్కడైనా కంటబడితే కళ్లు అక్కడే ఆగుతాయి. ఫైనైట్‌మ్యాప్ అని ఒకటుండేది. దాని దాదాపు ప్రతి ఫంక్షన్ చివరా ఎఫ్ఎమ్ అని రెండక్షరాలు, యాడ్‌టుఎఫ్ఎమ్, లుకప్‌ఎఫ్ఎమ్, ఎంప్టీఎఫ్ఎమ్. లుకప్‌ఎఫ్ఎమ్‌కు ముందు మ్యాప్ ఇచ్చి తర్వాత కీ ఇవ్వాలి. 2005లో జీహెచ్‌సీ 6.4తో పాటు డాన్ లైయన్ రాసిన డేటా మ్యాప్ వచ్చింది, దానిలో ముందు కీ, తర్వాత మ్యాప్. కొత్తదే మేలు, పేర్లు శుభ్రంగా ఉన్నాయి, పని వేగంగా చేస్తుంది. కానీ వేళ్లకు పట్టిన వరుస అంత తొందరగా వదలదు కదా, చాన్నాళ్ల పాటు నేను కీ తర్వాత పెడుతూ ఉంటే కంపైలర్ ఓపికగా పట్టుకుని వెనక్కి పంపేది.

హ్యాకేజ్ రాకముందు లైబ్రరీ అంటే ఎవరో ఒకరి సొంత పేజీలో ఒక టార్ ఫైలు. యార్క్‌లో మాల్కమ్ వాలెస్, కాలిన్ రన్సిమన్‌ల హ్యాక్స్‌ఎమ్ఎల్, పీటర్ థీమన్ వాష్, స్వెన్ పన్నే ఓపెన్‌జీఎల్ బైండింగులు, జాన్ గోర్జెన్ చేతికందిన పనిముట్లన్నీ ఒకదాంట్లో వేసి ఇచ్చిన మిస్సింగ్‌హెచ్. ఏది ఎక్కడుందో తెలుసుకోవడమే సగం విద్య. వాటిని తెచ్చుకోవడానికి నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక నెట్ సెంటర్‌కి వెళ్లేవాణ్ని. ప్లైవుడ్ గదులు, అగరొత్తుల పొగ, ఏసీ కింద పెట్టిన ప్లాస్టిక్ బకెట్లో టప్పు టప్పుమని నీళ్లు, కీబోర్డులో ఎవరో తిన్న మిక్చర్ పొడి. జీహెచ్‌సీ ఒక్కటే పదుల మెగాబైట్లు. కౌంటర్ దగ్గర కుర్రాడు వచ్చి స్క్రీన్ మీదికి వంగి, “అన్నా, ఏం సినిమా దించుతున్నవ్?” అని అడిగితే, సినిమా కాదు తమ్ముడూ, కంపైలర్ అని చెప్పడం, వాడికి అది ఏ భాష సినిమానో అర్థం కాక తల ఊపి వెళ్లిపోవడం. సీడీ రాయించుకుని, మీద నల్ల మార్కర్‌తో తేదీ వేసుకుని, ఇంటికి తెచ్చేసరికి మధ్యలో ఒక ఫైలు తెగిపోయి ఉంటే మళ్లీ ఇంకో సాయంత్రం. తర్వాత ఇంటికే బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. అర్ధరాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా ఎంత దించుకున్నా లెక్కలోకి రాని పథకాలుండేవి, ఆ గంటల కోసం అలారం పెట్టుకునేవాళ్లం. వీధిలో గూర్ఖా విజిల్, పక్కగదిలో ఇన్వర్టర్ సన్నటి మోత, తెల్లవారుజామున పాలప్యాకెట్ల ట్రే గేటు దగ్గర దిగిన చప్పుడు. అదంతా హాయిగా ఉండేదని నేను చెప్పబోవడం లేదు. మర్నాడు ఆఫీసులో జావా కోడు ముందు కూర్చుని కళ్లు మూతలు పడేవి.

దించుకున్నాక ఒక తంతు ఉండేది. మూట విప్పితే లోపల, చాలా ప్యాకేజీల్లో, సెటప్ డాట్ ఎల్‌హెచ్‌ఎస్ అనే చిన్న ఫైలు. దానిలో పైన రన్‌హ్యాస్కెల్‌ను పిలిచే వరుస, కింద బాణం గుర్తులతో మొదలయ్యే రెండే రెండు వరుసలు: డిస్ట్రిబ్యూషన్ సింపుల్‌ను ఇంపోర్ట్ చేయడం, మెయిన్ అంటే డిఫాల్ట్‌మెయిన్ అని చెప్పడం. కంపైలర్ ఏదైనా, మెషీన్ ఏదైనా, ప్యాకేజీలన్నిటినీ ఒకే పద్ధతిలో కట్టాలని కబాల్ అనే ఏర్పాటును రూపొందించినవాళ్ల ఆలోచన అది. ఐజాక్ జోన్స్ దాని మీద 2005లో పేపరు కూడా ప్రచురించాడు, ఆ ఏడాదే జీహెచ్‌సీతో కలిసి రావడం మొదలైంది. కాన్ఫిగర్, బిల్డ్, ఇన్‌స్టాల్, మూడు మెట్లు. మొదటి మెట్టు మీదే ఆగేది ఎక్కువ: ఫలానా ప్యాకేజీ లేదు, డిపెండెన్సీ తీరలేదు అని ఒక వరుస. ఆ ఫలానా తెచ్చుకోవాలి, దాని మూట విప్పాలి, దాని సెటప్ నడపాలి, అది ఇంకో ఫలానా అడుగుతుంది. ఇలా దిగుతూ దిగుతూ వెళ్లే దారిలో మన ప్రమేయం లేకుండానే కొన్ని తెలిసిపోయేవి. పార్సెక్ అనే పార్సింగ్ లైబ్రరీ కోసం వెళ్లినవాడికి దాని కిందేముందో కనబడేది; జీలిబ్ అనేది పేరుకు హ్యాస్కెల్ ప్యాకేజీ అయినా కింద సీ లైబ్రరీ హెడర్లు లేకపోతే కదలదని తెలిసేది; ఆ సీ హెడర్లు వేరే ప్యాకేజీలో, పేరు చివర డెవ్ అని ఉన్నదాంట్లో ఉంటాయని ఇంకెవరో చెబితే తెలిసేది. ఒక లైబ్రరీ వాడామంటే దాని వంశవృక్షం మొత్తం మన చేతుల మీదుగా కట్టినట్టే. కావాలని నేర్చుకున్నది కాదు, వేరే దారి లేక తెలిసినది.

ఇక తెలుగు సంగతి. ఇది నాలాంటివాళ్లకు తప్ప మరొకరికి గుర్తుండే వీలు లేదు, అందుకే కొంచెం వివరంగా చెప్పుకుంటాను. జీహెచ్‌సీ 6.6 నుంచి సోర్స్ ఫైలును యూటీఎఫ్-8గానే చదివేది, కాబట్టి ప్రోగ్రాములో కోట్‌ల మధ్య సీత అని తెలుగులో రాస్తే లోపల సరిగ్గానే ఉండేది: స, ఈత్వం, త, మూడు క్యారెక్టర్లు. దాన్ని తెర మీదికి పంపమన్నప్పుడే చిక్కు. 2009 చివర్లో 6.12 వచ్చేదాకా పుట్‌స్ట్రింగ్ ఒక్కో క్యారెక్టర్ సంఖ్యలో చివరి ఎనిమిది బిట్లు మాత్రం బయటికి వదిలేది, మిగతావి కోసేసేది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలన్నీ ఒకే వరుసలో ఉంటాయి, పై భాగం అందరిదీ ఒకటే, ఆ పై భాగమే తెగిపోతే చాలావాటికి మిగిలేది మామూలు కీబోర్డు గుర్తులు. స స్థానంలో 8, ఈత్వం స్థానంలో @, త స్థానంలో డాలరు. సీత అని రాస్తే తెర మీద 8@$. రామ అని రాస్తే 0>. అని వచ్చేది, ర సున్నా అయ్యి, దీర్ఘం గుర్తు పక్కకు తిరిగిన బాణమయ్యి, మ ఒట్టి చుక్క అయ్యి. మొదట అర్థం కాలేదు, ఫాంటు తప్పేమోనని పోతన 2000 తీసి వేమన పెట్టి చూశాను. తర్వాత ఒక నోటుబుక్కులో గుర్తులూ అక్షరాలూ ఎదురెదురుగా పట్టిక రాసుకుంటే మొత్తం తేటగా కనిపించింది. కొన్నాళ్లకు పట్టిక చూడకుండానే చదవగలిగేవాణ్ని; డాలరు కనిపిస్తే త, చుక్క కనిపిస్తే మ.

చిత్రమేమిటంటే ఫైల్లోంచి చదివి అలాగే ఇంకో ఫైల్లోకి రాస్తే ఏ నష్టమూ జరిగేది కాదు, బైట్లు వచ్చినవి వచ్చినట్టు పోయేవి, అందుకని చాలా రోజులు అంతా సవ్యంగానే ఉందనిపించేది. ఎప్పుడైనా పొడవు కొలిస్తే బయటపడేది: సీతకు మూడు బదులు తొమ్మిది. యూటీఎఫ్-8లో తెలుగు క్యారెక్టర్ ఒక్కోటి మూడు బైట్లు కదా. వాటిని తిరగేస్తే ఇక అతుక్కోవు. దీనికి విరుగుడు గలోయిస్ కంపెనీలో ఎరిక్ మెర్టెన్స్ రాసిన యూటీఎఫ్8-స్ట్రింగ్ అనే ప్యాకేజీ. దానిలో సిస్టమ్ ఐఓ యూటీఎఫ్8 అనే మాడ్యూలు, మామూలు పుట్‌స్ట్రింగ్‌ను దాచేసి దాని బదులు ఇది తెచ్చుకుంటే సీత సీతగానే వచ్చేది, కాకపోతే టెర్మినల్ గుణింతాలు కలపలేక ఈత్వాన్ని చుక్కల వలయం మీద వేరుగా పెట్టేది. అదొక్కటే అయినా నాకు పండగే. 6.12లో కంపైలరే ఎన్‌కోడింగ్ చూసుకోవడం మొదలుపెట్టాక ఆ మాడ్యూలు అవసరం లేదు సరికదా, ఉంటే రెండుసార్లు ఎన్‌కోడ్ అయ్యే ముప్పు వచ్చింది. ప్యాకేజీ ఒకటో వెర్షన్‌కు వచ్చేసరికి ఆ మాడ్యూలు తీసేశారు. సరైన పనే. ఎన్నో రాత్రులు మాకు తోడున్నది ఒక్క వరుస కూడా రాయించుకోకుండా వెళ్లిపోయింది. ఈరోజుకీ ప్రింట్ అని వాడితే సీత “\3128\3136\3108” గానే కనిపిస్తుంది, అది షో ఫంక్షన్ పద్ధతి, దాన్ని మార్చలేదు. కానీ మామూలు పుట్‌స్ట్రింగ్‌తో 8@$ ఇంకెప్పుడూ ఎవరి తెర మీదా రాదు. రాకూడదు కూడా.

2008 నాటికి కబాల్ ఇన్‌స్టాల్ అనే ఒక్క ఆదేశం వచ్చింది. డంకన్ కౌట్స్ బృందం చేసిన పని. పేరు చెబితే చాలు, కింద కావలసినవన్నీ తనే తెచ్చి, తనే వరసలో కట్టి, తనే పెట్టేది. ‘రిజాల్వింగ్ డిపెండెన్సీస్’ అన్న వరుస, దాని పక్కన మూడు చుక్కలు, ఆ చుక్కల దగ్గర ఊపిరి బిగబట్టడం. ఎందుకంటే ఒక్కోసారి అక్కడి నుంచి నరకం మొదలయ్యేది. కబాల్ హెల్ అనే పేరు ఎవరు పెట్టారో గానీ అందరూ అదే అనేవాళ్లు. జీహెచ్‌సీ వేగం కోసం ఒక ప్యాకేజీలోని ఫంక్షన్లను ఇంకో ప్యాకేజీ లోపలికి తీసుకుని కలిపేస్తుంది, కాబట్టి ఏది ఏ కంపైలేషన్ మీద కట్టారో దానికే అతుక్కుని ఉంటుంది. రిజిస్టర్‌లో ఒక పేరూ ఒక వెర్షనూ కలిపి ఒక్క చోటే. ఆ చోట ఉన్నదాన్ని వేరే డిపెండెన్సీలతో మళ్లీ కడితే దాని మీద ఆధారపడినవన్నీ విరిగిపోయేవి. తర్వాతి వెర్షన్లు కనీసం ముందు హెచ్చరించేవి, ఫలానా ఫలానా ప్యాకేజీలు విరిగే అవకాశముంది, అయినా కావాలంటే ఫోర్స్ రీఇన్‌స్టాల్స్ అని ఇవ్వండి అని. ఇచ్చేవాళ్లం. ఆ తర్వాత ఏదీ దేనితోనూ కలవక, హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే జీహెచ్‌సీ ఫోల్డర్ మొత్తం తుడిచేసి మొదటి నుంచి కట్టుకునేవాళ్లం. ఫ్యాను తిరుగుతూ, ల్యాప్‌టాప్ కింద అట్టముక్క పెట్టి, ఆదివారం మధ్యాహ్నం ఒకటొకటిగా పేర్లు దిగుతుంటే చూస్తూ కూర్చోవడం. ఇదంతా ఇప్పుడు తలచుకుని మురిసిపోయేవాళ్లను నేనెరుగుదును. నాకు మాత్రం ఆ ఆదివారాలు తిరిగి అక్కర్లేదు. కొత్తగా ఈ భాష నేర్చుకుందామని వచ్చి ఆ మెట్టు మీదే వెనుదిరిగినవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లలో నా స్నేహితులూ ఉన్నారు. దీనికి మందుగా 2009 మేలో హ్యాస్కెల్ ప్లాట్‌ఫామ్ వచ్చింది, కంపైలరూ ముఖ్యమైన లైబ్రరీలూ కలిపి ఒకే ఇన్‌స్టాలర్‌గా. తర్వాత శాండ్‌బాక్సులు, 2015లో స్టాక్, ఆ తర్వాత ప్రతి కట్టుబడికీ వేరే గుర్తు ఇచ్చి పక్కపక్కనే దాచే పద్ధతి, అది 2019లో కబాల్ 3.0తో అందరికీ మామూలైంది. ప్లాట్‌ఫామ్ కూడా ఆగిపోయింది. నరకం నిజంగానే పోయింది.

ఆ మధ్య కాలపు గుర్తులు మాత్రం పాత కబాల్ ఫైళ్లలో దొరుకుతాయి. 2007లో జీహెచ్‌సీ 6.8 వచ్చినప్పుడు, బేస్ అనే పెద్ద లైబ్రరీని విడగొట్టి కంటెయినర్స్, అర్రే, డైరెక్టరీ, ప్రాసెస్, ఓల్డ్-టైమ్ అని ముక్కలు చేశారు. దాంతో బేస్ ఒక్కటే రాసుకున్న ప్యాకేజీలన్నీ ఆగిపోయాయి. అందరూ స్ప్లిట్‌బేస్ అనే ఫ్లాగ్ పెట్టుకున్నారు: బేస్ మూడు గానీ ఆపైది గానీ అయితే కంటెయినర్స్ కూడా కావాలి, లేకపోతే బేస్ ఒక్కటే చాలు, అని నాలుగైదు వరుసలు. ఒకరి నుంచి ఒకరు కాపీ చేసుకున్న వరుసలు, కామాతో సహా. పాత కంపైలర్ వాడేవాళ్లు ఒక్కరూ మిగలని కాలం వచ్చాక కూడా ఏళ్ల తరబడి అవి ఫైళ్లలో అలాగే ఉండిపోయాయి. అలాంటిదే స్టెబిలిటీ అనే వరుస. అక్కడ చాలామంది ‘ఎక్స్‌పెరిమెంటల్’ అని రాశారు, ఇంకా నమ్మకం కుదరలేదని వినయంగా చెప్పినట్టు. పదేళ్లు ఎన్నో చోట్ల నిలకడగా పనిచేసినా కొందరు ఆ మాట మార్చలేదు. ఇప్పుడు కొత్త ప్యాకేజీల్లో ఆ వరుసే రాయడం తగ్గిపోయింది.

మొదటి ఏడాది హ్యాకేజ్‌లో ఉన్నవి వందల్లోనే. ఒకే పేజీలో, డేటా, కంట్రోల్, టెక్స్ట్, గ్రాఫిక్స్, నెట్‌వర్క్ అంటూ విభాగాల కింద పేరూ, పక్కన ఒక్క వాక్యమూ. ఒక మధ్యాహ్నం కూర్చుంటే మొత్తం చదివేయవచ్చు, చదివేవాళ్లం కూడా. కొత్తగా ఎక్కినవాటి జాబితాలో తేదీ పక్కన మనిషి పేరు, ఇంటిపేరూ అసలు పేరూ ఖాళీ లేకుండా కలిపి ఉండేది. డాన్ స్టీవార్ట్ పేరు ఎన్నిసార్లు కనిపించేదో. ఎవరు దేని మీద పనిచేస్తున్నారో, ఎవరిది బాగుంటుందో, ఎవరిది మొదలెట్టి వదిలేస్తారో, ముఖాలు చూడకపోయినా తెలుస్తూ ఉండేది. ప్రతి ప్యాకేజీ పేజీలోనూ ఏ కంపైలర్ మీద కట్టుబడింది, దేని మీద కట్టుబడలేదు అని ఒక వరుస, విఫలమైతే పక్కనే లాగ్. ఫాస్ట్ ప్యాక్డ్ స్ట్రింగ్ అనేది చూస్తుండగానే బైట్‌స్ట్రింగ్‌గా పేరు మార్చుకుని, ఆ తర్వాత దాదాపు అన్నిటి కిందా పునాదిలా చేరడం మేం చూసినదే. ఇప్పుడు ప్యాకేజీలు పదిహేను వేలు దాటాయి. వెతకడం తప్ప చదవడం కుదరదు. ఇంత పెరగడమే కదా ఆనాడు అందరూ కోరుకున్నది. జాబితా మొత్తం చదివేయగలిగిన భాషతో బతుకుతెరువు నడవదు. పెరిగినప్పుడు ఆ మధ్యాహ్నం దానంతటదే పోయింది.

డార్క్స్ కూడా అంతే. డేవిడ్ రౌండీ అనే భౌతికశాస్త్రవేత్త హ్యాస్కెల్‌లో రాసిన వెర్షన్ కంట్రోల్ పనిముట్టు. డార్క్స్ రికార్డ్ అనగానే ఒక్కో మార్పూ చూపించి, ఇది రాసుకోమంటారా, మూడింటిలో ఒకటి, అవునా కాదా అని అడిగేది, వై లేదా ఎన్ కొట్టాలి. అలా అడుగుతుంటే మన మార్పులు మనమే మళ్లీ చదువుకునేవాళ్లం. రెండు కొమ్మలు గట్టిగా ఢీకొంటే మాత్రం లెక్క తెగక గంటల తరబడి ఉండిపోయేది, అది పెద్ద జబ్బే. జీహెచ్‌సీ 2011లో గిట్‌కు వెళ్లిపోయింది, మిగతావాళ్లూ వెనకే వెళ్లారు. గిట్‌లోనూ అలా అడిగించుకునే వీలుంది, అడిగించుకునేవాళ్లే తక్కువ.

2015లో వచ్చిన మార్పు చాలా పాత ప్యాకేజీలకు చివరి రేవు. జీహెచ్‌సీ 7.10 నుంచి ప్రతి మోనాడూ ముందు అప్లికేటివ్ అయి తీరాలి. ఇరవై ఏళ్లుగా గణితం ప్రకారం ఉండాల్సిన క్రమం, ఆలస్యంగానైనా దిద్దారు. దిద్దుబాటు చిన్నదే: ఎఫ్‌మ్యాప్ అంటే లిఫ్ట్‌ఎమ్, ప్యూర్ అంటే రిటర్న్, మూడోది ఏపీ, ఈ మూడూ చేరిస్తే చాలు. కానీ చేర్చే మనిషి ఉండాలి. ఉన్నవాటికి ఒక పూటలో అయిపోయింది. లేనివి ఆ ఏడాది దగ్గరే ఆగిపోయాయి. వాటి అప్‌లోడ్ తేదీలు చూస్తే 2010, 2011, 2012, ఆ తర్వాత ఏమీ లేదు. కొన్నింటిని నేను విప్పి, ఆ మూడు వరుసలూ చేర్చి, నా మెషీన్ మీద నడిపించుకున్నాను; లోపల ఆలోచన ఎంత బాగుండేదో కొన్నింట్లో. ఒకదాంట్లో కామెంట్ ఉంది, ఇక్కడ ఇంకా మంచి పద్ధతి ఉండాలి, తీరిక దొరికినప్పుడు చూస్తాను అని.

కిందటేడు మా మేనకోడలు హ్యాస్కెల్ నేర్చుకుంటానని సెలవుల్లో వచ్చింది. జీహెచ్‌సీఅప్ అనే ఇన్‌స్టాలర్‌ను ఒక్కసారి నడిపింది, కాఫీ తాగి వచ్చేలోపు అన్నీ సిద్ధం. నా పాత ప్రాజెక్టు ఒకటి తెరిచి చూస్తూ, “మామయ్యా, ఈ సెటప్ ఫైలు దేనికి? ఇది లేకపోయినా బిల్డ్ అవుతోంది” అంది. నిజమే, మామూలు ప్యాకేజీలకు ఇప్పుడు కబాల్ తనంతట తానే ఆ పని చూసుకుంటుంది. తీసెయ్యమ్మా అన్నాను. తీసేసింది, బిల్డ్ అయింది, కమిట్ చేసింది. ఆ పిల్ల వాడిన ఏసన్ అనే లైబ్రరీ కింద ఎన్ని ప్యాకేజీలు కట్టుబడ్డాయో తెర మీద పేర్లు పరుగెత్తుతూ వెళ్లాయి, వాటిలో ఒక్కదాన్నీ ఆగి చదివే అవసరం ఆమెకు లేదు. ఆ వయసులో నాకు దొరకని సెలవులు ఆమెకు దొరికాయి, ఆ రోజు సాయంత్రానికే తన ప్రోగ్రాము తను రాసుకుంది. నేను మాత్రం ఆ పరుగెత్తే పేర్లలో తెలిసినవి ఏరుకుంటూ కూర్చున్నాను. వాటిలో చాలావాటిని మొదట రాసినవాళ్లు ఇప్పుడు చూసుకోవడం లేదు. ఎవరెవరో తీసుకున్నారు, హ్యాకేజ్ ట్రస్టీలు అనే కొద్దిమంది వలంటీర్లు వెర్షన్ హద్దులు సరిచేస్తూ నిలబెడుతున్నారు. టార్ ఫైలును ముట్టుకోరు, కబాల్ ఫైలుకు మాత్రం ఎక్స్-రివిజన్ అని ఒక అంకె చేర్చి, ఈ డిపెండెన్సీ ఇంతవరకే అని దిద్దుతారు. వాళ్ల పని బాగా జరిగినంత కాలం ఎవరికీ ఏమీ కనబడదు.

మీరు ఈ భాషలో పనిచేసేవాళ్లయితే, మీ ప్రోగ్రాము కింద ఉన్న ప్యాకేజీల్లో ఏదో ఒకదాని పేజీ ఈరోజు తెరిచి, మెయింటెయినర్ అన్న వరుసలో ఎవరున్నారో, చివరి అప్‌లోడ్ ఏ ఏడాదిదో చూడండి. ఎవరూ పట్టించుకోక ఆగిపోయినదైతే, దాన్ని తీసుకోవడానికి హ్యాకేజ్‌లో పద్ధతి ఉంది: ముందు పాత మెయింటెయినర్‌కు రాయాలి, తీసుకుంటానని పదిమందిలో చెప్పాలి, కొంతకాలం ఆగాలి, జవాబు రాకపోతే నిర్వాహకులను అడగాలి. తీసుకున్నాక చేయాల్సింది చాలావాటిలో మూడు నాలుగు వరుసల దిద్దుబాటే. ఇక మీరే ఏదైనా రాసి ఉండి, దాన్ని చూసుకునే తీరిక మీకు లేకపోతే, ఆ సంగతి కబాల్ ఫైల్లో స్పష్టంగా రాయండి, తర్వాత వచ్చేవాళ్లు అడగకుండానే చేయి పెట్టడానికి వీలుంటుంది.